ఎదురొచ్చిన సైకిలిస్టు తలైనా ఊపలేదని...

ప్రశ్న: రెండేళ్ళుగా పొద్దున్నే సైకిల్ తొక్కుతున్నాను. ఆరోగ్యం కోసమని మొదలుపెట్టాను, ఇప్పుడు తొక్కకపోతే తోచదు. ఎదురుగా ఇంకో సైకిలిస్టు కనిపిస్తే నాకు హుషారొస్తుంది, చెయ్యెత్తి పలకరిస్తాను. కానీ సగం మంది కూడా తిరిగి పలకరించరు. ఖరీదైన సైకిళ్ళ మీద హెల్మెట్లూ నల్లద్దాలూ పెట్టుకుని వెళ్ళే అసలైన సైకిలిస్టులైతే మనిషిని చూసినట్టే ఉండరు. ఆడవాళ్ళు సరేసరి. ఈమధ్య ఒకాయన్ని వెనకనుంచి దాటుతూ ‘గుడ్ మార్నింగ్ సార్’ అంటే కస్సుమన్నాడు. ఇంకో పెద్దమనిషి ఉన్నాడు, ఎన్నిసార్లు చెయ్యెత్తినా తల తిప్పుకునే వెళ్ళేవాడు. పోయిన వారం ఆయనే రోడ్డు పక్కన సైకిల్ తిరగేసి పెట్టుకుని కనిపించాడు. ఈసారి నేను తల తిప్పుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక మనసొప్పలేదు. నేను చేసింది తప్పా? అసలీ పలకరింపులే మానేయమంటారా? ఎలా పలకరించాలన్న దాని మీద మా గుంపులో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ఇంకో చిన్న సంగతి: సైకిల్‌కి బెల్ పెట్టించుకున్నానని అందరూ నవ్వుతున్నారు.

– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు:

పలకరింపులు మానేయకండి. ఆ పెద్దమనిషి దగ్గర ఆగకుండా వచ్చేయడం మాత్రం తప్పే. మీకు కావలసిన జవాబు ఇంతే. కానీ మీరు ఈ రెండిటినీ ఒకే పద్దులో రాశారు. ఆయన నాకు చెయ్యెత్తలేదు, నేను ఆయన దగ్గర ఆగలేదు, చెల్లుకు చెల్లు అన్నట్టు. నాకు పేచీ అక్కడే. ముందు, తిరిగి రాలేదని మీరు బాధపడుతున్న ఆ పలకరింపుల సంగతి చూద్దాం.

మీరు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారనుకోండి, ఎదుటాయనా అంతే. మీ ఇద్దరి మధ్య దూరం సెకనుకు దాదాపు 14 మీటర్ల చొప్పున తరిగిపోతుంటుంది. 40 మీటర్ల దూరాన మీరు చెయ్యెత్తితే, జవాబివ్వడానికి ఆయనకున్నది మూడు సెకన్ల లోపే. అంతలో ఆయన రోడ్డు మీదినుంచి చూపు మళ్ళించాలి. మీరెత్తిన చెయ్యి పలకరింపో, ముందు గొయ్యుందనో కుక్క ఉందనో చెప్పే హెచ్చరికో తేల్చుకోవాలి. తెలిసిన మొహమేమోనని ఒక క్షణం తడుముకోవాలి. ఆ తర్వాత హ్యాండిల్ మీదినుంచి చెయ్యి తియ్యాలి. చాలామంది చెయ్యి తీసేసరికి మీరు దాటిపోయి ఉంటారు. మీ వీపుకి ఊపిన చేతులన్నీ మీ లెక్కలో ‘పలకరించనివాళ్ళ’ కింద పడిపోయాయి.

కొందరు జవాబిచ్చినా మీకు కనిపించి ఉండదు. చాలాకాలంగా తొక్కేవాళ్ళు చెయ్యి మొత్తం ఎత్తరు. బ్రేకు మీది రెండు వేళ్ళు లేస్తాయి, లేదా గడ్డం అంగుళం కిందికి దిగుతుంది. నల్లద్దాల వెనక కళ్ళు మిమ్మల్ని చూసే ఉండొచ్చు. నోటితో పలకరిస్తే అదీ అంతే, ఆ వేగంలో చెవుల దగ్గర గాలి హోరుకి మామూలు గొంతు వినబడదు. ఆయన ‘హలో’ అన్నా మీదాకా రాదు.

ఇక నిజంగానే చూడనివాళ్ళు. కొన్ని నిమిషాలు ఊపిరాడనంత గట్టిగా తొక్కడం, కాసేపు నెమ్మదించడం, మళ్ళీ గట్టిగా తొక్కడం అనే సాధన ఒకటుంది. ఆ గట్టి నిమిషాల్లో ఉన్నవాడికి ముందున్న పది మీటర్ల తారురోడ్డు తప్ప ఏమీ కనబడదు. ఎండ మీ వెనకనుంచి పడుతుంటే మీరు వాళ్ళ కంటికి ఒట్టి నల్లటి ఆకారం. వీళ్ళెవరికీ మీమీద కోపం లేదు, చులకనా లేదు. సరే, గీర ఉన్నవాళ్ళూ ఉంటారు. ఏడెనిమిది కిలోల సైకిల్ కొనగానే ఎనభై కిలోల బిగువొచ్చే మనుషుల్ని నేనూ చూశాను. వాళ్ళు సైకిల్ దిగాక కూడా అలాగే ఉంటారు, దాన్ని రోడ్డు మీద బాగుచెయ్యలేం.

పరాయివాళ్ళు ఎదురుపడినప్పుడు ఏం చేస్తారనే దాన్ని శ్రద్ధగా గమనించినవాడు ఎర్వింగ్ గాఫ్‌మన్. కెనడాలో పుట్టి అమెరికాలో పనిచేసిన సామాజికశాస్త్రవేత్త. నగరాల్లో మనుషులు దూరంనుంచి ఒకసారి ఎదుటివాళ్ళని చూసి, దగ్గరికి రాగానే చూపు దించేసుకుంటారని 1963లో రాశాడు. దీపాల వెలుతురు తగ్గించినట్టు చూపు తగ్గిస్తారట. అది అమర్యాద కాదనీ, ‘నువ్వున్నావని చూశాను, నీ జోలికి రాను’ అని చెప్పే ఒక మర్యాదేననీ ఆయన వాదన. మీకు తల తిప్పుకున్నట్టు కనిపించిన మనుషుల్లో కొందరు తమ లెక్కలో మర్యాదే పాటిస్తూ ఉండొచ్చు. మీరు ఒక పద్ధతిలో మర్యాద చేశారు, వాళ్ళు ఇంకో పద్ధతిలో చేశారు.

పైగా పలకరింపు రోడ్డుని బట్టి కూడా ఉంటుంది. నెదర్లాండ్స్‌లో జనాభా కంటే సైకిళ్ళే ఎక్కువ. అక్కడ ఆఫీసు వేళ నగరంలో ఎదురైన ప్రతి సైకిలిస్టుకీ చెయ్యెత్తాలంటే చెయ్యి దించే అవకాశమే ఉండదు, చుట్టూ ఉన్నవాళ్ళు వింతగానూ చూస్తారు. అదే, గంటసేపు తొక్కినా ఇంకో మనిషి కనబడని కొండదారి అయితే పలకరించకుండా పోవడమే వింత. పారిస్‌నుంచి ఫ్రాన్స్ పడమటి కొసనున్న బ్రెస్ట్ ఊరి దాకా వెళ్ళి తిరిగొచ్చే 1,200 కిలోమీటర్ల సవారీ ఒకటుంది, 1891లో మొదలైంది, ఇప్పుడు నాలుగేళ్ళకోసారి జరుగుతుంది. గరిష్ఠ గడువు 90 గంటలు. అందులో రెండో రాత్రి ఒకర్నొకరు దాటేటప్పుడు చెప్పే రెండు మాటలు ఒట్టి మర్యాద కోసం కావు. పక్కవాడు మెలకువగా ఉన్నాడా, హ్యాండిల్ మీద కునుకుతున్నాడా అన్నది తెలిసేది అందులోనే. మనుషులు తగ్గేకొద్దీ, అలసట పెరిగేకొద్దీ పలకరింపుకి విలువ పెరుగుతుంది. జనం తిరిగే చోట అందరికీ చెయ్యెత్తి సగం తిరిగి రాలేదనుకునేకంటే, ఖాళీ రోడ్డు మీద ఎత్తండి. దాదాపు అన్నీ తిరిగొస్తాయి.

మీ ఉత్తరంలో ఇంకొకటి నా కంటపడింది. ఖరీదైన సైకిళ్ళు, హెల్మెట్లు, నల్లద్దాలు ఉన్నవాళ్ళని ‘అసలైన సైకిలిస్టులు’ అన్నారు. మరి మీరు వెళ్ళే దారిలో పాత సైకిల్ మీద వెనక మూటో, ముందు సంచో, క్యారియర్ మీద పిల్లాణ్ణో పెట్టుకుని వెళ్ళేవాళ్ళు లేరా? ఉండకుండా ఎలా ఉంటారు? మీ సగం లెక్కలో వాళ్ళున్నారా? లేరనే నా అనుమానం. వాళ్ళకి మీరు చెయ్యెత్తి ఉండరు. ఎత్తాలన్న ఆలోచన కూడా వచ్చి ఉండదు. వాళ్ళు పనికి వెళ్తున్నారు, మనం ‘రైడ్’కి వెళ్తున్నాం కదా.

ఇది మీ ఒక్కరి సంగతి కాదు. సరదాకి తొక్కేవాళ్ళలో ఎక్కువమందికి ఈ గుడ్డితనం ఉంది. బిగుతు జెర్సీ వేసుకున్నవాళ్ళు జెర్సీవాళ్ళకే తలూపుతారు, కొండసైకిల్ వాళ్ళు కొండసైకిల్ వాళ్ళకే. బ్యాటరీ సైకిల్ వస్తే అందరూ కలిసి మొహం చాటేస్తారు. మీకు చెయ్యెత్తని ఆ ఖరీదు సైకిల్ ఆయన కళ్ళకి మీరూ అలాగే కనబడ్డారేమో చూడండి. మీరు బరువు మోసుకెళ్ళేవాళ్ళ వైపు చూడనట్టే ఆయన మీ వైపు చూడలేదు. ఏడాది పొడవునా ఎండలో వానలో, గేర్లు లేని ఇనుప సైకిల్ మీద, మీకంటే ఎక్కువ దూరం తొక్కే మనిషికి తలూపడంతో మొదలుపెట్టండి. మొదటి రెండుసార్లు ఆయన వెనక్కి తిరిగి ఎవరికోసమా అని చూస్తాడు. మూడోసారికి నవ్వుతాడు. నాకు తెలిసి ఇంత నమ్మకంగా తిరిగొచ్చే పలకరింపు ఇంకోటి లేదు.

‘ఆడవాళ్ళు సరేసరి’ అని ఒక ముక్కలో తేల్చేశారు. అది ముక్కలో తేలేది కాదు. ఒంటరిగా సైకిల్ మీద వెళ్ళే స్త్రీకి పరాయి మగవాడి పలకరింపు అన్నిసార్లూ పలకరింపుతో ఆగదు. ఒకడు నవ్వుకి నవ్వితే వెనక్కి తిరిగి వెంటపడతాడు, ఇంకొకడు పక్కన చేరి రోజూ ఇటే వస్తారా అని అడుగుతాడు. అలాంటి అనుభవం ఒక్కటి చాలు, ఆ తర్వాత రోడ్డు మీద ఎవరికీ జవాబివ్వకూడదని తీర్మానించుకోవడానికి. మీరు మంచివారే, కానీ ఆ సంగతి మూడు సెకన్లలో ఆమెకి తెలిసే దారి లేదు. కాబట్టి అందరికీ చేసినట్టే చిన్నగా తలూపి, చూపు రోడ్డు మీదికి తిప్పేసుకుని సాగిపోండి. జవాబు కోసం చూడొద్దు. ఒకే దిశలో వెళ్తుంటే ఆమెను దాటాక వేగం తగ్గించొద్దు, ఆమె దాటితే వెంటనే వెనక చేరొద్దు. మగవాడి వెనక చేరితే చిరాకుపడి ఊరుకుంటాడు, ఆమెకి అది భయమవుతుంది.

ఇక మీ గుంపులో వాదన. ఎత్తితే చెయ్యి, లేదంటే తల, అదీ కుదరకపోతే వేళ్ళు. ఏదైనా పలకరింపే. దిగుడులో, కంకర మీద, పట్టాలు దాటేటప్పుడు, పక్కగాలి కొడుతున్నప్పుడు, వెనక లారీ ఉన్నప్పుడు చెయ్యి తియ్యకండి. నిలబడి ఎక్కుడు తొక్కుతున్నప్పుడూ అంతే. అలాంటి చోట ఎదుటివాళ్ళనుంచీ ఆశించకండి. ఫ్రాన్స్‌లో మోటారుసైకిల్ వాళ్ళు దారిచ్చిన కారుకి కుడికాలు పక్కకి చాపి కృతజ్ఞత చెబుతారు, కుడిచెయ్యి యాక్సిలరేటర్ వదలకూడదు గనక. మనకి ఆ సదుపాయం కూడా లేదు, మన కాళ్ళే ఇంజిను.

గుంపుగా వెళ్తున్నప్పుడు ముందున్నవాడు పలకరిస్తే అందరి తరఫునా పలకరించినట్టే. మధ్యలో ఉన్నవాళ్ళు ముందు చక్రానికి మీటరు దూరం కూడా లేకుండా తొక్కుతుంటారు, వాళ్ళ చేతులు బ్రేకుల మీదే ఉండాలి. అయితే గుంపుకి ఇంకో బాధ్యత ఉంది, దాన్ని చాలా గుంపులు పట్టించుకోవు. ఒంటరిగా వెళ్ళే మనిషిని పదిమంది వరసగా దాటుతుంటే ఆ మనిషికి వరస ఎప్పుడు ముగుస్తుందో తెలియదు, పక్కకి జరగాలో వద్దో తెలియక బిగుసుకుపోతాడు. మొదటివాడు ‘పదిమందిమి వస్తున్నాం’ అనాలి, చివరివాడు ‘నేనే ఆఖరు’ అనాలి. చేతులూపడం కంటే ఆ రెండు మాటల వల్లే ఒంటరివాళ్ళకి గుంపులంటే ఇష్టం కలుగుతుంది.

మిమ్మల్ని కసిరినాయన దగ్గరికి వద్దాం. ఆయన కోపం మీ ‘గుడ్ మార్నింగ్’ మీద కాదు, అది వచ్చిన చోటు మీద. ఎదురుగా వచ్చే మనిషి కనిపిస్తాడు, వెనకనుంచి వచ్చే మనిషి కనబడడు. సైకిల్‌కి చప్పుడుండదు. ఏ అలికిడీ లేకుండా భుజం పక్కనుంచి గొంతు వినబడితే ఎవరైనా ఉలిక్కిపడతారు, ఉలిక్కిపడితే హ్యాండిల్ కదులుతుంది, ఒక్కోసారి మీ మీదికే వస్తుంది. దాటేటప్పుడు పలకరింపు దాటే ముందు చెయ్యాలి, అదీ దూరంనుంచి.

ఇరవై ముప్ఫై మీటర్ల ముందే బెల్ ఒకసారి మోగించండి. చెవి దగ్గరికొచ్చాక మోగిస్తే అది పక్కకి తప్పుకోమన్నట్టు ఉంటుంది. ముందు మనిషి విన్నాడా లేదా చూడండి. తల కొద్దిగా తిరుగుతుంది, భుజం కదులుతుంది, సైకిల్ ఒక పక్కకి ఒదుగుతుంది. ఏదీ కాకపోతే మళ్ళీ మోగించండి, ఇయర్‌ఫోన్లు ఉండొచ్చు, వినికిడి తక్కువై ఉండొచ్చు. కొందరు ‘కుడివైపు’, ‘ఎడమవైపు’ అని అరుస్తూ దాటుతారు. అలవాటున్నవాళ్ళకి అది పనికొస్తుంది. అలవాటు లేనివాళ్ళు ఏ వైపు పేరు వింటే ఆ వైపుకే జరుగుతారు. నా ఓటు బెల్‌కే, ఆ తర్వాత ‘దాటుతున్నానండీ’ అనే ఒక మాటకి. చెయ్యి చాచినా తగలనంత ఎడం వదిలి దాటండి, పిల్లలుంటే అంతకు రెట్టింపు. దాటిన వెంటనే ముందుకి అడ్డం రాకండి. ‘గుడ్ మార్నింగ్’ చెప్పాలనుకుంటే పక్కకి వచ్చాక చెప్పండి, అప్పటికి ఆయనకి మీరెవరో తెలిసి ఉంటుంది.

దాటుతూ వ్యాఖ్యానాలు మాత్రం వద్దు. ఎక్కుడులో రొప్పుతున్న మనిషికి ‘శభాష్, ఇంకొంచెమే’ అంటే కొందరికి బలమొస్తుంది, కొందరికి ఒళ్ళు మండుతుంది. ఎవరికేదో మీకు తెలియదు. సీటు పైకెత్తుకోమనీ గేరు మార్చుకోమనీ అడగని సలహాలు ఇవ్వొద్దు. కానీ ప్రమాదం కనిపిస్తే ఊరుకోకండి. వెనక టైర్లో గాలి దిగిపోయి ఉండటం, స్టాండు దిగి ఉండటం, బ్యాగు పట్టీ చక్రం దగ్గర వేలాడటం, చీకట్లో వెనక లైటు ఆరిపోయి ఉండటం. ఇవి చెప్పకపోవడమే అమర్యాద.

దాటడానికి ఇష్టం లేక వెనకే అంటుకుని వచ్చేవాళ్ళుంటారు. మీరలా చెయ్యరనే అనుకుంటాను. ముందువాడు గాలిని చీలుస్తాడు, వెనకవాడికి పని తేలికవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో అయితే వెనకవాడి శ్రమ దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. అడిగి చేస్తే అది స్నేహం. ‘కాసేపు మీ వెనక రావచ్చా’ అని అడగడానికి ఒక ఊపిరి చాలు, తర్వాత మీరూ కాసేపు ముందుకెళ్ళి గాలి కాయండి. అడక్కుండా చేస్తే మాత్రం ముందువాడికి తెలియకుండా అతని ఒళ్ళు వాడుకోవడమే. పైగా అతను కుక్క అడ్డమొచ్చి ఠక్కున బ్రేకేస్తే, అతని వెనక చక్రానికి మీ ముందు చక్రం రాసుకుంటే, పడేది ఎక్కువగా మీరే.

కొండదారుల్లో ఇంకో మర్యాద. ఎక్కేవాళ్ళకి దిగేవాళ్ళు దారివ్వాలి. 1988లో ఏర్పడిన అంతర్జాతీయ కొండసైకిల్ సంఘం రాసుకున్న నియమాల్లో ఇదొకటి. ఏటవాలులో ఆగిపోయినవాడు మళ్ళీ ఎక్కి కదలడం నరకం, దిగేవాడు ఆగితే పోయేదేమీ లేదు. నడిచేవాళ్ళకీ గుర్రాలకీ సైకిలే దారివ్వాలన్నది ఇంకో నియమం. గుర్రం దగ్గర నోరు విప్పడం మంచిది. చప్పుడు లేకుండా వచ్చే ఆ చక్రాల మీద ఉన్నది మనిషేనని దానికి గొంతు వింటేనే తెలుస్తుంది. నడిచేవాళ్ళని అయితే సైకిలిస్టుల కంటే ఎక్కువ పలకరించండి. మనమంటే ఇష్టపడటానికి వాళ్ళకి కారణాలు తక్కువ.

ఇప్పుడు ఆ పెద్దమనిషి.

రోడ్డు పక్కన సైకిల్ తిరగేసి ఉందంటే ట్యూబో, చైనో పోయిందన్నమాట. మీరు ఆగి ఉంటే ఏం జరిగేదో చెప్తాను. నూటికి ఎక్కువసార్లు ‘ఏమైనా కావాలా అండీ’ అని అడిగితే, బొటనవేలెత్తి ‘పర్వాలేదు, మీరు వెళ్ళండి’ అంటారు. దిగాల్సిన పని కూడా ఉండదు, వేగం తగ్గిస్తే చాలు. మిగతాసార్లు వాళ్ళ దగ్గర లేనిది మీ దగ్గర ఉంటుంది. పంపు ఉండి ట్యూబు లేకపోవచ్చు. ట్యూబు ఉండి, టైరు ఊడదీసే లివర్లు లేకపోవచ్చు. అన్నీ ఉండి చేతులు వణుకుతుండొచ్చు, ఒంట్లో శక్తి అయిపోతే అలా అవుతుంది. అప్పుడు కావలసింది కాస్త తిండి, నీళ్ళు. ఈ ఒక్క ప్రశ్న అడగడం చాలాకాలంగా తొక్కేవాళ్ళలో దాదాపు రాయని చట్టం. చెయ్యెత్తినా ఎత్తకపోయినా, సైకిల్ ఖరీదెంతైనా, మొహం నచ్చినా నచ్చకపోయినా అడగాలి. చెయ్యెత్తడం మీ ఇష్టం. ఇది మీ ఇష్టం కాదు.

సాయం చేసేటప్పుడు కూడా ఒక తీరుంది. వాళ్ళ సైకిల్‌ని మీ చేతుల్లోకి లాక్కోకండి, అడిగి పట్టుకోండి. మీ పంపు వాళ్ళ వాల్వుకి పడుతుందో లేదో ముందు చూడండి. సన్నటి ప్రెస్టా వాల్వు, లావుపాటి ష్రేడర్ వాల్వు వేరు. రెండిటికీ పనికొచ్చే తల ఉన్న పంపు కొనుక్కుంటే ఎవరికైనా అక్కరకొస్తారు. ట్యూబు అరువిచ్చే ముందు చక్రం కొలత కలుస్తుందేమో చూడండి, టైరు పక్కనే రాసి ఉంటుంది. కొత్త ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపలంతా వేళ్ళతో మెల్లగా తడమండి. ముల్లో గాజుపెంకో అక్కడే ఉంటే కొత్తది కూడా ఐదు నిమిషాల్లో పోతుంది. ప్యాచ్ వేస్తుంటే సొల్యూషన్ రాయగానే అంటించకండి, తడి మెరుపు పోయేదాకా ఆరనివ్వాలి. తొందరపడేవాళ్ళు పాడుచేసేది ఎక్కువగా అక్కడే. చైను తెగితే దాని స్పీడుకి (వెనక ఎన్ని గేరు పళ్ళచక్రాలుంటే అన్ని స్పీడులు) సరిపోయే కలుపులింకు కావాలి, పదకొండు స్పీడులది పన్నెండుకి పనికిరాదు. ఏదీ కుదరకపోతే ఫోన్ చెయ్యడానికి మీ ఫోన్ ఇవ్వడం కూడా సాయమే.

చీకటి పడుతున్న వేళ ఒంటరిగా ఉన్న మనిషి దగ్గర, అందులోనూ స్త్రీ అయితే, కాస్త ఎడంగానే ఆగి అడగండి. ‘ఎవరికైనా ఫోన్ చెయ్యమంటారా’ అన్నది మంచి ప్రశ్న, జవాబు ఆమె చేతిలో ఉంటుంది. వద్దంటే రెండోసారి అడక్కుండా వెళ్ళిపోండి.

పడిపోయిన మనిషి అయితే సంగతి వేరు. పడ్డవాళ్ళు సిగ్గుతో గబుక్కున లేవబోతారు, సైకిల్‌కి ఏమైందో చూసుకుంటారు, బాగానే ఉన్నానంటారు. ఆ మాట వెంటనే నమ్మకండి. ముందు వాళ్ళ మీదికి వాహనాలు రాకుండా చూడండి. మెడో వెన్నో నొప్పి అంటే కదపొద్దు, అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి. చాలా దేశాల్లో 112 పనిచేస్తుంది. తలకి దెబ్బ తగిలితే, హెల్మెట్ పగిలితే, అడిగిందే మళ్ళీ అడుగుతుంటే, మళ్ళీ సైకిల్ ఎక్కనివ్వకండి. తలదెబ్బ లక్షణాలు కొన్ని గంటల తర్వాత కూడా బయటపడొచ్చు, అందుకని ఒంటరిగా పంపొద్దు. ఎవరైనా వచ్చేదాకా పక్కన కూర్చోండి. మీ ఆ రోజు సవారీ అక్కడితో అయిపోయిందనుకోండి.

ఆ పెద్దమనిషికి ఇప్పుడేం చెయ్యాలని కూడా మీ మనసులో ఉందనుకుంటాను. వెతుక్కుంటూ వెళ్ళి క్షమాపణలు చెప్పొద్దు, ఆయనకి మీరు దాటిపోయిన సంగతి గుర్తుండకపోవచ్చు కూడా. మళ్ళీ ఎదురైతే ఎప్పటిలాగే చెయ్యెత్తండి. ఎక్కడైనా ఆగి కనబడితే ‘ఆ రోజు పంక్చరైందా అండీ, ఎలా వెళ్ళారు?’ అని అడగండి. అడిగాక ఆయన చెప్పేది వినండి. చూపు మందగించి దూరంనుంచి మనుషుల్ని గుర్తుపట్టలేని వయసేమో, మెడ తిప్పలేని నొప్పేమో, మీరు తల తిప్పుకోవడం అనుకున్నది ఏమిటో అప్పుడు తెలియొచ్చు. ఒట్టి ముభావి అని కూడా తేలొచ్చు. అయినా ఆయన టైరు పంక్చరైతే అడగాల్సిందే.

చివరగా మీ బెల్. ఎవరు నవ్వినా తియ్యకండి. రోడ్డు రవాణా మీద 1968లో వియన్నాలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం, సరిహద్దులు దాటి వెళ్ళే సైకిల్‌కి ఉండాలని చెప్పినవి కొన్నే. మంచి బ్రేకు, తగినంత దూరం వినబడే బెల్, వెనక ఎర్రటి రిఫ్లెక్టరు, ముందు తెల్లగానో పసుపుగానో, వెనక ఎర్రగా వెలిగే లైట్లు. బెల్ తప్ప వేరే చప్పుడు చేసేది ఉండకూడదని కూడా ఉంది, మీ గుంపులో ఎవరైనా ఎలక్ట్రిక్ హారన్ పెట్టుకుని తిరుగుతుంటే ఇది చదివి వినిపించండి. లైట్ల మాట వచ్చింది కనుక, ముందు లైటుని కొద్దిగా కిందికి వంచి బిగించుకోండి, టపటపా కొట్టుకునేలా పెట్టకండి. జర్మనీలో సైకిల్‌కి మినుకు లైటు పెట్టడం నిషేధం. ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో మీ లైటు పడుతుంటే మీ చెయ్యి లేచినా వాళ్ళకి కనబడదు. మీకు జవాబివ్వనివాళ్ళలో కొందరి సంగతి ఇదే కావచ్చు, ఒకసారి లైటు వెలిగించి, సైకిల్‌ని స్టాండు మీద నిలిపి, పాతిక అడుగులు ముందుకి నడిచి వెనక్కి తిరిగి చూసుకోండి.

బెల్‌ని హ్యాండిల్ మధ్యలో కాకుండా బొటనవేలికి అందేచోట బిగించుకోండి, బ్రేకు మీది వేళ్ళు తియ్యకుండానే మోగించొచ్చు.